అపరాహ్ణపు కాఫీ, సాయంకాలపు వ్యాయామము

నిద్ర పట్టుట లేదని బాధపడువారిని కారణ మేమని యడిగినచో, పరుపు చేరిన తరువాతి సంగతులే చెప్పుదురు. ఉక్క పోసినదనియో, దోమలు కుట్టినవనియో, చేతిలోని ఫోను విడువలేకపోయితిమనియో, ఇంటి చింతలు మనస్సును కలచినవనియో అందురే గాని, సాయంకాలము నాలుగు గంటలకు త్రాగిన కాఫీని గాని, పొద్దుటినుండి పొద్దుగూకువరకు కుర్చీ విడువక గడపిన దినమును గాని తలచుకొనువారు బహు స్వల్పము. నాలుగు గంటల కాఫీకిని పదకొండు గంటల నిద్రకును నడుమ ఏడు గంటల కాలము గడచినది గదా, అప్పుడు త్రాగినది ఇప్పటికి కడుపులో ఎక్కడ నిలిచి యుండునని వారి తలంపు. కడుపులో నిలువదు, నిజమే. కాని రక్తమున నిలుచును, మెదడున నిలుచును. రాత్రి నిద్ర యొక్క మంచిచెడ్డలు చాలవరకు పగటి ఉత్తరార్ధముననే తేలిపోవుచున్నవనియు, ఆ వేళ మనము చేయు పనులలో కాఫీ త్రాగుట, దేహమునకు శ్రమ కల్పించుట అను రెండును నిద్ర విషయమున ఒకదానికొకటి ఎదురుగా పనిచేయుచున్నవనియు నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆ నమ్మకమునకు గల ఆధారములను పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నిద్ర ఎట్లు వచ్చునన్న ప్రశ్నకు స్విట్జర్లాండు దేశమున జూరిక్ నగరపు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఇచ్చిన సమాధానమే నేటికిని ఆధారముగా నున్నది. ఆయన మతమున నిద్రను నడపునవి రెండు. మెదడులోని గడియారము పగలు రాత్రుల ననుసరించి విశ్రాంతివేళను తెలుపుట యొకటి. మేలుకొన్నది మొదలు గంటగంటకు పెరుగుచు, నిద్రించినకొలదిని తరుగుచు వచ్చు నిద్రాభారము మరియొకటి. ఈ రెండవదానికి ద్రవ్యరూపమైన ఆధారము గలదు. దాని పేరు అడినోసీన్. జీవకణము లన్నిటను శక్తిని వహించియుండు అడినోసీన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ, పని జరుగునపుడు విడివడుచు తుదకు అడినోసీనును మిగుల్చును. మెదడు ఎంతసేపు మేలుకొని పనిచేసిన అంత అడినోసీను దానిలో పేరుకొనును. హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన శాస్త్రజ్ఞులు పిల్లులను నిద్రపోనీయక మేలుకొలిపి యుంచి, వాని మెదడులో ఈ పదార్థము పెరుగుటయు, నిద్రపోనిచ్చిన పిమ్మట తగ్గుటయు కొలిచి, 1997లో ప్రకటించిరి.

ఇచ్చట తెలుగువాడు ఒక్క నిమిష మాగి తలచుకొనదగిన పేరొకటి యున్నది. ఆ ఏటీపీని కండరములనుండి వేరుపరచి 1929లో లోకమునకు తెలిపినవారిలో, అదే హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేయుచుండిన యెల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. జర్మనీలో కార్ల్ లోమన్ అనునాయన ఆ యేటనే దానిని వేరుగా కనుగొనెను. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసున వైద్యము చదివి, 1923లో అమెరికా చేరిన మన సుబ్బారావుగారి అన్వేషణము కండరమునకు శక్తి యెచ్చటిదను విషయమును గూర్చినదే గాని నిద్రను గూర్చినది కాదు. అయినను కండరపు పనికిని మెదడు అలసటకును మూలమున నున్నది ఒకే ద్రవ్యమని నేడు మనము చెప్పగలుగుచున్నామన్న, ఆ వాక్యమునకు పునాది వేసినవారిలో ఆయన యున్నారు. ఆయనను గూర్చి మన పిల్లలకు చెప్పవలసినంత చెప్పుట లేదని నాకు బాధ.

ఇక కెఫీను సంగతి. మెదడులోని నాడీకణములపై అడినోసీను వచ్చి కూర్చుండుటకు గ్రాహకములు గలవు. అది కూర్చున్నకొలదిని నాడుల చురుకుదనము తగ్గి కనురెప్పలు బరువెక్కును. కెఫీను అణువు ఆకారమున అడినోసీనును పోలియుండుటచేత ఆ గ్రాహకములను తానాక్రమించును గాని, నిద్రను కలిగింపదు. ఆర్టీసీ బస్సు ఆగియాగకముందే కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుకొనువానిని మన మందరము చూచినవారమే. ఆ సీటున మనిషి లేడు, అయినను వేరొకడు కూర్చుండుటకు వీలులేదు. ఎక్కువారు ఎక్కుచునే యుందురు, నడుమ దారిలో ఒకరి నొకరు ఒరసికొనుచు నిలబడియే యుందురు. కెఫీను వేయు తువ్వాలును ఇట్టిదే. నిలుచున్న అడినోసీను ఎక్కడికిని పోలేదు. పైగా మనము మేలుకొనియున్నంతసేపు పెరుగుచునే యున్నది. తువ్వాలు తీసినతోడనే అందరును ఒక్కుమ్మడిగా కూలబడుదురు. కాఫీ ప్రభావము తగ్గగానే హఠాత్తుగా మీదపడు నిస్త్రాణకు కారణ మిదియే. కావున కాఫీ మనకు బలము నిచ్చినదనుటకంటె, అలసట వార్తను మనకు చేరనీయలేదనుట సత్యమునకు దగ్గర.

కాఫీగింజలనుండి కెఫీనును తొలిసారి వేరుచేసినవాడు ఫ్రీడ్‌లీబ్ రుంగే అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు. 1819లో మహాకవి గోథే ఆ యువకుని ప్రతిభకు మెచ్చి, కొన్ని కాఫీగింజల నిచ్చి వీనిని పరీక్షింపుమని కోరుటచే ఆ పని జరిగినదట. ఆనాటినుండి ఇంతవరకు ఈ పదార్థమును గూర్చి తెలిసిన విషయము లనేకము గలవు గాని, నిద్ర కోరువానికి ముఖ్యమైనది ఒక్క లెక్క. త్రాగిన కెఫీను ముప్పావుగంటలో దాదాపు సంపూర్ణముగా రక్తమున చేరును. చేరుటకు త్వరపడునది పోవుటకు త్వరపడదు. దానిని విరుగగొట్టి వెలికి పంపవలసినది కాలేయము. ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో సగము కెఫీను పోవుటకు సగటున 5 గంటలు పట్టును. నాలుగు గంటలకు 100 మిల్లీగ్రాముల కెఫీను గల కాఫీ త్రాగినవానికి, రాత్రి తొమ్మిదింట 50 మిల్లీగ్రాములు, రెండు గంటలకు 25 మిల్లీగ్రాములు దేహమున మిగిలియే యుండును. మధ్యలో ఆరు గంటలకు స్నేహితుడు వచ్చినాడని మరియొక కప్పు త్రాగినచో ఆ లెక్కకు ఈ లెక్క కూడుకొనును.

"నేను రాత్రి భోజనమైన తరువాత కాఫీ త్రాగియైనను హాయిగా నిద్రపోవుదును" అని గర్వముగా చెప్పువారు ప్రతి ఇంటను ఒకరుందురు. వారు అబద్ధ మాడుట లేదు; వారికి తెలియదు. అమెరికాలోని డిట్రాయిట్ నగరమున హెన్రీ ఫోర్డు ఆసుపత్రికి చెందిన క్రిస్టఫర్ డ్రేక్, ఆయన సహచరులు 2013లో ప్రకటించిన ప్రయోగమొకటి ఈ విషయమున కన్నులు తెరిపించునట్టిది. నిద్రకు ఏ లోటును లేని 12 మందికి 400 మిల్లీగ్రాముల కెఫీను మాత్రలను, ఒకమారు పడుకొనువేళను, ఒకమారు దానికి 3 గంటల ముందును, ఒకమారు 6 గంటల ముందును ఇచ్చిరి. ఏ మాత్రలో కెఫీనున్నదో, ఏది ఉత్త మాత్రయో వారికి తెలియదు. వారి నిద్రను ఇంటివద్దనే యంత్రముచే కొలుచుటయు, వారిచేతనే దినచర్య వ్రాయించుటయు జరిగినది. 6 గంటల ముందు పుచ్చుకొన్న రాత్రియందు సయితము యంత్రము లెక్కప్రకారము గంటకు మించి నిద్ర తగ్గినది. వారు స్వహస్తముతో వ్రాసికొన్న దినచర్యలలో మాత్రము ఆ నష్టము స్పష్టముగా కానరాలేదు. పోగొట్టుకొన్నవాడు పోయినదని యెరుగకుండుట, ఉదయము లేచి తల దిమ్ముగా నున్నదని మరల కాఫీనే ఆశ్రయించుట, దానివలన మరునాటి రాత్రి మరికొంత పోగొట్టుకొనుట: ఈ వలయమే నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టుచున్నది. నిద్ర పట్టినంతమాత్రమున చాలదు. కెఫీను రక్తమున నున్నపుడు గాఢనిద్రాభాగము తగ్గి పైపై నిద్ర మిగులును, నడుమ నడుమ మెలకువలు హెచ్చును. కొలరాడో విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన మరియొక పరిశోధనమున, పడుకొనుటకు 3 గంటల ముందు రెండు చిక్కని కాఫీలకు సరియగు కెఫీను పుచ్చుకొనినచో దేహపు గడియారమే సుమారు 40 నిమిషములు వెనుకబడునని తేలినది. అనగా ఆ రాత్రి నిద్రనే కాక, రాత్రి వచ్చినదను తెలివినే అది ఆలస్యము చేయుచున్నది.

400 మిల్లీగ్రాములు చాల హెచ్చు మోతాదు గదా, మాకెందుకని పాఠకు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అందుకు 2023లో పూర్వప్రయోగముల నన్నిటిని కూర్చి లెక్క కట్టిన సమీక్ష సమాధానము చెప్పుచున్నది. సుమారు 107 మిల్లీగ్రాముల కెఫీను గల ఒక కప్పు కాఫీయైనను, నిద్రాకాలము తగ్గకుండవలెనన్న, పడుకొనుటకు 9 గంటలకు కొంచెము తక్కువగా ముందే త్రాగి ముగింపవలెనట. పదకొండింట పడుకొనువానికి మధ్యాహ్నము రెండు గంటలతో కాఫీ సరి.

మన కప్పులలో నున్న దెంత? హైదరాబాదున తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కూడి 2024లో వెలువరించిన ఆహార సూచనలలో, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీను ఉండునని చెప్పి, దినమునకు 300 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు నిర్ణయించినది. భోజనమునకు గంట ముందును, గంట తరువాతను కాఫీ టీలు త్రాగినచో అన్నములోని ఇనుము ఒంటబట్టదనియు ఆ సంస్థ హెచ్చరించినది. రక్తహీనతతో బాధపడు స్త్రీలు ఇంతమంది గల మన దేశమున ఆ మాట గోడమీద వ్రాసిపెట్టుకొనదగినది.

అయితే కప్పును చూచి కెఫీను నంచనా వేయుట తేలిక కాదు. ఇత్తడి ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, సలసల కాగిన నీరు పోసి మూత పెట్టినప్పుడు, క్రింది గిన్నెలోనికి చుక్కచుక్కగా దిగు మొదటి డికాక్షనులోనే కెఫీనులో పెద్దపాలు దిగిపోవును. అదే పొడిమీద మరల నీరు పోసి తీసిన రెండవ డికాక్షను రంగునకే గాని సత్తువకు కాదు. ఇల్లాలు ఉదయపు డికాక్షనులో మిగిలినదానికి రెండవ డికాక్షను చేర్చి సాయంకాలము కలిపి యిచ్చు కాఫీ, హోటలువాడు అప్పటికప్పుడు దింపి యిచ్చు చిక్కని కాఫీకంటె నిద్రకు తక్కువ చెరుపు చేయును. చికోరీలో కెఫీను లేదు; కావున చికోరీ కలిపిన పొడి నల్లగాను చేదుగాను ఉన్నను, ఆ మేరకు కెఫీను తక్కువే. గింజలలోను భేదము గలదు: రోబస్టా గింజలో కెఫీను అరబికా గింజలోనిదానికి సుమారు రెట్టింపు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు లోయ కాఫీ అరబికా జాతిది. మన్యపు గిరిజనులు మిరియపు తీగలు ప్రాకిన చెట్లనీడను పెంచు ఆ కాఫీకి, రుచితోపాటు ఈ సుగుణమును గలదు. పాలు పోసినంతమాత్రమున కెఫీను తగ్గదు, పంచదారకును దానికిని సంబంధము లేదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో మూత బిగించిన పాత్రలో గంటలతరబడి మరగిన టీ నీటిని, వేరుగా కాచిన చిక్కని పాలతో కలిపి యిచ్చు కప్పు చిన్నదే; కాని ఉస్మానియా బిస్కత్తు ముంచుకొనుచు మాటల సందడిలో ఒకటి రెండగుటయు, రెండు మూడగుటయు మన మెరుగనిది కాదు.

ఇంతకును అపరాహ్ణముననే కాఫీమీద మనసు పోవుట యేల? అన్నము తినుటవలన మత్తు కలిగినదని అందరును అందురు. అన్నము కొంత కారణమే గాని, భోజనము మానినవారికి సయితము మధ్యాహ్నము ఒంటిగంట మూడుగంటల నడుమ చురుకుదనము ఒకమారు క్రుంగుట దేహధర్మము. ఆ క్రుంగుబాటు తానుగానే సర్దుకొనును. దానికి నిజమైన మందు ఇరువది నిమిషముల కునుకు. పగటినిద్రను సామాన్యముగా నిషేధించిన ఆయుర్వేదము కూడ గ్రీష్మమున దానికి అనుమతి నిచ్చినది. రోహిణీ కార్తె యెండలు కాచు మన సీమలవారికి ఆ అనుమతి అక్కరకు వచ్చునట్టిది. అయితే ఆ కునుకును మధ్యాహ్నము మూడు గంటల వేళ దాటనీయరాదు, అరగంటకు మించనీయరాదు. దీర్ఘముగా నిద్రించినచో రాత్రికి కావలసిన నిద్రాభారము అప్పుడే దిగిపోవును.

వ్యాయామముయొక్క స్వభావము వేరు. అది నిద్రాభారమును దాచదు, పెంచును. ఎలుకలను గట్టిగా పరుగెత్తించిన ప్రయోగములలో వాని మెదడున అడినోసీను హెచ్చినట్లు కనుగొనిరి. మనుష్యులలో, నియమముగా శరీరశ్రమ చేయువారికి నిద్ర త్వరగా పట్టుటయు, గాఢనిద్ర కొంత పెరుగుటయు అనేక పరిశోధనములలో తేలిన విషయము. పొలమున దుక్కి దున్నినవానికి, ఇటుకలు మోసిన కూలికి నిద్రను గూర్చి వ్యాసము వ్రాయవలసిన పనిలేదు. కూర్చుండి చేయు ఉద్యోగములు మన బ్రతుకుల నాక్రమించిన పిమ్మటనే ఈ చర్చ అవసరమైనది.

సాయంకాలము వ్యాయామము చేసినచో నిద్ర చెడునని చిరకాలముగా వైద్యులును చెప్పుచు వచ్చిరి. ఆ మాటను జూరిక్ నగరపు సాంకేతిక విద్యాలయమువారు 23 పరిశోధనములను సమీక్షించి 2019లో చాలవరకు త్రోసిపుచ్చిరి. సాయంకాలపు వ్యాయామము నిద్రను చెరుపదు సరిగదా, గాఢనిద్రను కొంచెము పెంచును. పడుకొనుటకు గంటలోపల ముగిసిన తీవ్రవ్యాయామము మాత్రమే దానికి అపవాదము. కారణము దేహోష్ణమున నున్నది. మన దేహపు లోపలి వేడిమి సాయంకాలమున పరాకాష్ఠ నందుకొని, రాత్రి క్రమముగా దిగి, తెల్లవారుజామున సుమారు ఒక డిగ్రీ సెల్సియసు తగ్గును. ఆ దిగుటయే నిద్రకు ద్వారము. స్విట్జర్లాండులోనే బాసెల్ నగరపు శాస్త్రజ్ఞులు 1999లో, అరికాళ్లు వెచ్చబడి వానిద్వారా లోపలి వేడి వెలికిపోవుచున్నవానికి నిద్ర త్వరగా వచ్చునని చూపిరి. వ్యాయామము వేడిని పెంచును. గంటయో గంటన్నరయో గడచినచో చెమట ఆరి, రక్తనాళములు సడలి, పెరిగిన వేడి దిగుట నిద్రకు సహాయమగును. వేడి దిగకముందే, గుండె దడదడ కొట్టుకొనుచుండగనే పరుపు చేరినవానికి అది అడ్డగును. 2025లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమువారు, మణికట్టున యంత్రము ధరించిన సుమారు 14,700 మంది నిద్రను పరిశీలించి, ఆయాసము పుట్టించు కఠినవ్యాయామము నిద్రకు 4 గంటలలోపల ముగిసినపుడు నిద్ర ఆలస్యమగుటయు తగ్గుటయు, అంతకు ముందే ముగిసినపుడు ఏ చెరుపును లేకుండుటయు గుర్తించిరి. రెండు లెక్కలకును భేదము కనబడుచున్నది గాని, దిక్కు ఒక్కటే: నడకకు ఏ వేళయైనను దోషము లేదు, పరుగునకును బరువులకును చీకటిపడకముందే వేళ. బలములో సగముమేరకే వ్యాయామము చేయుమనియు, నుదుట చెమట పట్టి నోరెండుట దానికి గుర్తనియు మన వైద్యగ్రంథములు చెప్పిన అర్ధశక్తి నియమము, సాయంకాలపు వ్యాయామమునకు నేటికిని ఎంతయు తగినది.

నాకు విచారము కలిగించునది ఈ రెండును కలియు చోటు. ఏ ఊరి పార్కు ద్వారము కడనైనను సాయంకాలము ఏడు గంటలకు నిలిచి చూడుడు. గంటసేపు చెమటోడ్చి నడచి వచ్చిన పెద్దలు, మెడచుట్టు తువ్వాళ్లతో, టీ బండి చుట్టును మూగి, గాజుగ్లాసును రెండు వ్రేళ్ల నడుమ పట్టి ఊదుకొనుచు, తమ నిద్రలేమిని గూర్చియే ఒకరి కొకరు చెప్పుకొనుచుందురు. కూడబెట్టిన నిద్రాభారమంతయు గట్టెక్కక ముందే దాని వార్తను మెదడునకు చేరనీయక ఆపుచున్నారు. యువకుల సంగతి ఇంకను కష్టము. ఉద్యోగము ముగించి రాత్రి ఎనిమిదింట జిమ్ముకు పోవువారు, ఉత్సాహముకొరకు నీటిలో కలుపుకొని త్రాగు పొడులలో ఒక్కొక్క మోతాదునకు 150 నుండి 300 మిల్లీగ్రాములవరకు కెఫీను ఉండుట గలదు. కెఫీను వ్యాయామశక్తిని కొంత పెంచుననుట సత్యమే. కాని ఆ పుచ్చుకొన్నదానిలో సగము అర్ధరాత్రి దాటినను రక్తముననే యుండగా, కండరము మరమ్మతు జరుగవలసిన గాఢనిద్ర కుంటుపడును. కండరముకొరకు చేసిన పని కండరమునకే చెరుపగుచున్నది. ఉదయము పోవుటకు వీలున్నవారు ఉదయమే పోవుట, లేనివారు ఆ పొడిని మానుట తప్ప వేరు మార్గము నాకు తోచుట లేదు.

గచ్చిబౌలి మేడలలో అమెరికా వేళల ననుసరించి రాత్రులు పనిచేయు మన పిల్లలకు గడియారపు గంటలతో ఈ లెక్కలు చెప్పి ప్రయోజనము లేదు. ఉదయము ఆరింటికి పడుకొనువారికి రాత్రి తొమ్మిది గంటలే మధ్యాహ్నపు రెండు గంటలు. పనిలో చేరిన తొలిగంటలో త్రాగిన కాఫీ సరి, తెల్లవారుజామున మూడింటికి యంత్రమునుండి పట్టుకొన్న కప్పు మాత్రము పగటి నిద్రను తప్పక తినివేయును. ఆ పిల్లల నిద్ర అసలే గడియారమునకు ఎదురీదుచున్నది.

అందరి కాలేయమును ఒక్కటి కాదు. పొగ త్రాగువారిలో కెఫీను రెండింతల వేగముగా విరిగిపోవును. అట్టివాడు పొగ మానినచో, అలవాటైన కాఫీలే హఠాత్తుగా రెట్టింపు పనిచేసి నిద్ర చెరచును, అతడు నేర మంతయు సిగరెట్టు మానుటపై మోపి మరల దానిని పట్టుకొనుటకును అవకాశము గలదు. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలలో కెఫీను నిలుచు కాలము రెట్టింపగును; నిండు గర్భిణులలో సగము పోవుటకే సుమారు 15 గంటలు పట్టును. పుట్టుకతోనే నెమ్మదిగా విరుచు కాలేయము గలవారును ఉందురు. ఏబది దాటినవారి నిద్ర ఎట్లును పలుచబడి యుండుటచే, యౌవనమున హాని చేయని కప్పే ఇప్పుడు హాని చేయును.

మానదలచినవారు ఒక్కసారిగా మానరాదు. అలవాటు పడినవారు కాఫీ విడిచిన 12 నుండి 24 గంటలలో తలనొప్పి, విసుగు, మగత మొదలై వారముదాకను పీడించుట గలదు. రెండవనాడే ఓడిపోయి ఫిల్టరు దింపువారు అందువలననే. సాయంకాలపు కప్పున వారము వారము డికాక్షను ఒక్కొక్క చెంచా తగ్గించి పాలు హెచ్చించుచు పోయినచో, నెల తిరుగకముందే అది వేడిపాల గ్లాసుగా మారును. ఆ నడుమ తలనొప్పికి మాత్ర వేసికొనువారు పొట్లముపై కెఫీను పేరున్నదేమో చదివి మరీ వేసికొనవలెను. కొన్ని తలనొప్పి మాత్రలలో ఒక్కొక్కదానియందు 50 మిల్లీగ్రాములవరకు అది కలిసియుండును. పడుకొనబోవు వేళ అట్టి మాత్ర రెండు వేసికొనుట, ఒక కప్పు డికాక్షన్ కాఫీ త్రాగి దీప మార్పుటతో సమానము.